అచ్చువేయు సూర్యఫలకము

నిజాంసాగరు నీటితో వరి పండు వర్నిలో ఎండకు కొదువ లేదు. ఆ యెండను విద్యుత్తుగా మార్చు పొరను సిరాతో అచ్చువేయవచ్చును.

సీసపు అయొడైడును ఒక కర్బన లవణముతో కలిపి ద్రావకములో కరగించినచో సిరా సిద్ధమగును. దానిని గాజుపై పలుచగా అచ్చువేసి ఆరనిచ్చిన స్ఫటికములు ఏర్పడును. 1839లో గుస్తావ్ రోజ్ పెరోవ్‌స్కైట్ అని పేరిడిన ఖనిజపు అమరికయే వీనిది. సిరా నెమ్మదిగా ఆరినచో పొరలో చిల్లులు పడును. కావున గాలి తగిలించి త్వరగా ఆరబెట్టుదురు.

2009లో జపానులో మియసాక బృందపు ఘటము కాంతిలో 3.8 శాతమునే విద్యుత్తుగా మార్చెను. నేడు ప్రయోగశాలలలో 25 శాతము దాటినది.

కాని ఈ పొర తేమకు చెడును, సీసము విషము. ఫలకము పగిలినను అది వరిమడిలో చేరరాదు. తేమను చొరనీయని, సీసమును వెలికి పోనీయని కప్పు కుదిరిననాడే ఈ సిరా పొలమునకు పనికివచ్చును.