పాత సమాధులు – చేతులు మారిన జ్ఞాపకాలు

శ్మశానమన్న మాట వినగానే ముఖం త్రిప్పుకొనడం మనవారికి అలవాటు. పోయివచ్చినవారు స్నానం చేయనిదే ఇంట కాలు పెట్టరు. ప్రొద్దుగూకిన తరువాత బొందలగడ్డ ప్రక్కనుండి నడవవద్దని పెద్దలు పిల్లలను హెచ్చరిస్తారు. అక్కడ పుట్టి, ఇల్లు చేరేలోపల చల్లారిపోయే విరక్తికి ‘శ్మశాన వైరాగ్య’మని ఒక పేరే పెట్టినారు. అయినప్పటికీ పాత సమాధులు కొందరిని పిలుస్తూనే ఉంటవి. ఆ పిలుపు విని పోయినవారిలో కొందరు వట్టిచేతులతో తిరిగివస్తారు. కొందరు ఏదో ఒకటి తెచ్చుకొంటారు. ఆ తెచ్చుకొనడాన్ని గూర్చియే ఈ నాలుగు మాటలు.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో చనిపోయినవారి వెంట్రుకలను సన్నగా అల్లి, ఉంగరాలలోను పతకాలలోను పొదిగించి ధరించే ఆచారం ఉండేది. 1861లో భర్త ఆల్బర్టు మరణించిన తరువాత విక్టోరియా రాణి జీవితాంతం నల్లదుస్తులే ధరించింది. దానితో విట్బీ తీరాన దొరికే ‘జెట్’ అనే నల్లని పదార్థంతో చేసిన శోకాభరణాలకు గిరాకీ పెరిగింది. అమెరికాలో శవపేటికమీది పేరు చెక్కిన రేకును ఖననానికి ముందే ఊడదీసి ఇంటిలో దాచుకొన్న కుటుంబాలు ఎన్నో. ఆ కుటుంబాలు చెదిరిపోయినవి. ఉంగరాలు, రేకులు పాతసామానుల అంగళ్ళకు చేరినవి. నేడు వాటిని కొని భద్రపరిచేవారు పాశ్చాత్య దేశాలలో ఎందరో ఉన్నారు. ఉంగరం లోపలి వైపు పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. ఎవరికొరకు ఎవరు ఏడ్చినారో చెప్పే మనిషి మాత్రం ఉండడు.

మనకు అటువంటి ఉంగరాలు లేవు. కాని సమాధిలోనుండి బయటపడి చేతులు మారే వస్తువులు మనకూ ఉన్నవి. వాటి వయస్సు నూరు, నూటయాభై ఏండ్లు కాదు. రెండువేల ఏండ్లకు పైమాట.

సుల్తానాబాద్ ఒకప్పుడు కరీంనగరం జిల్లాలోనిది. 2016 నుండి పెద్దపల్లి జిల్లాలో ఉన్నది. మానేరుకు, గోదావరికి నడుమనున్న ఈ నేల వడ్లకు ప్రసిద్ధి. ఈ పొలాల అంచులలో, గుట్టల పాదాల వద్ద గుండ్రంగా పేర్చిన పెద్ద బండరాళ్ళు అక్కడక్కడ కనబడుతవి. జనం వాటిని రాకాసిగుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ అంటారు. అంతటి రాళ్ళను మనుష్యులు మోయలేరన్న ఆశ్చర్యమే ఆ పేర్లకు మూలం. అవి రాక్షసులవీ కావు, గుళ్ళూ కావు. ఇనుము వాడకం మొదలైన కాలంనాటి మన పూర్వుల సమాధులు. పండితులు వీటిని బృహచ్ఛిలా సమాధులంటారు. సుల్తానాబాద్ ప్రాంతంలోని కదంబాపూర్‌లో పురావస్తుశాఖవారు ఇటువంటివాటిని త్రవ్వి పరిశీలించినారు.

వీటి నిర్మాణం చూడదగినది. పైన బండల వలయం. దానిలోపల రాళ్ళ కుప్ప. దాని అడుగున నాలుగు రాతిపలకలు నిలిపి, ఐదవ పలకను మూతగా కప్పిన పెట్టె. కొన్నింటిలో ఒక పలకకు గుండ్రని రంధ్రం తొలిచి ఉంటుంది. లోపల కత్తులు, బల్లెపు మొనలు, కొడవళ్ళు వంటి ఇనుప పనిముట్లు, పూసలు, కుండలు ఉంటవి. ఆ కుండలు లోపల నలుపు, వెలుపల ఎరుపు. ఆవంలో బోర్లించి కాల్చడం వలన గాలి తగలని లోపలి భాగం నల్లబడి, తగిలిన వెలుపలి భాగం ఎర్రబడేదని విజ్ఞులు వివరించినారు. అనేక సమాధులలో సంపూర్ణమైన అస్థిపంజరం కనబడదు. శవాన్ని ముందు మరొకచోట ఉంచి, మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ భద్రపరచేవారు. అంటే తమవారిని రెండుసార్లు సాగనంపినారన్నమాట. ఇంత శ్రద్ధ చూపినవారిని రాక్షసులనడం న్యాయమా?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. నేను బడిలో చదువుకొనే రోజులలో మావైపు ఒక చెలకను చదును చేస్తూ అటువంటి వలయాన్ని గడ్డపారలతో పెకలించినారు. పెద్దరాళ్ళు పొలంగట్టుకు పోయినవి. అడుగున దొరికిన ఇనుప ముక్కలను ఎవరో పాతయినుము క్రింద అమ్ముకొన్నారు. ఎరుపు నలుపుల గురిగి ఒకటి నా చేతికి వచ్చింది. దానిని కొన్నేండ్లు గూటిలో దాచుకొని, తరువాత ఒక పాఠశాలకు ఇచ్చినాను. మంచిపని చేసినాననే అనుకొన్నాను. చాలాకాలానికి అక్కడికి పోతే, బీరువాలో సుద్దముక్కల డబ్బాల ప్రక్కన అది కనబడింది. “ఇది ఎక్కడిది సార్?” అని ఒక బాలిక అడిగింది. ఉపాధ్యాయునికి తెలియదు. ఇచ్చినవాడను నేనే కదా, చెప్పబోయినాను. ఆ చెలక ఏదో, ఆ వలయం ఏ మూలన ఉండెనో, గురిగిలో ఏముండెనో, ప్రక్కన ఎముకలు ఉండెనో లేదో నాకే గుర్తు లేదు. నేలంతా ఒకే తీరుగా చదునై పచ్చగా ఉన్నది. ఇచ్చిననాడు ఒక చీటీ వ్రాసి అంటించి ఉంటే ఆ బాలికకు రెండువేల ఏండ్ల సమాధానం దొరికేది. చీటీ లేనందువలన ఆమె చూచినది ఒక ఖాళీ గురిగి మాత్రమే.

చోటు తెలిస్తే ఎంత లాభమో మా ప్రాంతంలోనే నిదర్శనం ఉన్నది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో నేలమీద దొరికిన పాత నాణేలు స్థానికుల ద్వారా పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి పండితుల దృష్టికి వచ్చినవి. గోభద, సమగోప వంటి రాజుల పేర్లు, శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని పేరు వాటిమీద కనబడినవి. శాతవాహనుల తొలి చరిత్రలో తెలంగాణానికి గల స్థానాన్ని గూర్చి పండితులు కొత్తగా ఆలోచించవలసి వచ్చింది. అవే నాణేలు ఊరిపేరు లేకుండా నగరంలోని అంగడికి చేరి ఉంటే తూకానికి అమ్ముడుపోయేవి.

నాగార్జునకొండ మరొక పాఠం చెప్పుతున్నది. ఇక్ష్వాకుల కాలంలో అక్కడ మరణించినవారి స్మృత్యర్థం ఛాయాస్తంభాలు నిలిపేవారు. రాజుకూ నిలిపినారు, యుద్ధంలో కూలిన సైనికులకూ నిలిపినారు. సాగరజలాలు లోయను ముంచకముందు, 1954 నుండి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు జరిగినవి. కట్టడాలను ఎన్నింటినో కొలతలతో సహా ఎత్తి కొండమీద మరల నిలిపినారు. వాటిలో ఒక బృహచ్ఛిలా సమాధి కూడా ఉన్నది. ఏ రాయి ఎక్కడ ఉండెనో ముందుగా వ్రాసుకొన్నందువలననే చోటు మారినా ఆ సమాధి సమాధిగానే మిగిలింది.

మన నేలలో ఒదిగిన పరాయివారి సమాధులూ ఉన్నవి. మచిలీపట్నంలో డచ్చి వర్తకుల సమాధులమీద వారి వంశచిహ్నాలు నేటికీ చూడవచ్చును. హైదరాబాదులో నిజాము కొలువులో సేనాపతిగా ఉండి 1798 మార్చి 25న మరణించిన ఫ్రెంచి దేశస్థుడు రేమండు సమాధి గుట్టమీద కోసుగా నిలిచి ఉన్నది. జనం అతనిని తమవానిగా భావించి ఏటేటా అక్కడ ఉరుసు జరిపేవారు. మూసారాంబాగు అనే పేటపేరు అతని పేరునుండి వచ్చినదే నంటారు. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఉద్యోగి మద్రాసు రాజధానిలోని సమాధుల లేఖనాలను సేకరించి 1905లో గ్రంథంగా వెలువరించినాడు. రాళ్ళను ఉన్నచోటనే ఉండనిచ్చి మాటలను మాత్రం ఎత్తి వ్రాసుకొన్నాడు. ఎండకు వానకు రాతిమీది అక్షరం అరిగినా పుస్తకంలోని అక్షరం అరగదు. మనకు నిఘంటువు నిచ్చిన సి.పి. బ్రౌను 1884లో లండనులో మరణించి అక్కడి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో విశ్రమించినాడు. ఎవరో ఆ చోటు వ్రాసి ఉంచినందువలననే తెలుగువారు నేటికీ అక్కడికి పోయి నమస్కరించగలుగుతున్నారు.

ఇంకొక విచిత్రం చూడండి. కరీంనగరం గుట్టలలో దొరికే ‘టాన్ బ్రౌన్’ గ్రానైటు సముద్రాలు దాటి పోతున్నది. ఇళ్ళ గచ్చులకు వాడినట్లే విదేశాలలో సమాధిఫలకాలకు కూడా గ్రానైటును వాడతారు. మన గుట్టరాయి ఎక్కడో ఒకరి పేరును తలపైన మోస్తుండగా, మన పూర్వుల తలపైనున్న రాయిని మనమే పొలంగట్టుకు మోస్తున్నాము.

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నా మనవి ఇది. సేకరించాలన్న కోరిక చెడ్డది కాదు. సేకరించవలసినది ఏదో తెలియాలి. రాకాసిగుడి కనబడితే త్రవ్వకండి. త్రవ్వడం శిక్షణ పొందినవారి పని. వలయం ఎన్ని అడుగులున్నదో కొలవండి, రాళ్ళు లెక్కించండి, ఛాయాచిత్రం తీయండి, ఊరిపేరు, తేదీ వ్రాయండి. ఊరివృద్ధులు దానిని ఏమని పిలుస్తారో ఆ మాటను వారి నోట విన్నట్లే వ్రాసుకొనండి. వీరగల్లుమీద అక్షరాలుంటే పురావస్తుశాఖకు తెలుపండి. వారు రాతిమీద తడికాగితం పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీస్తారు; నల్లని కాగితంమీద తెల్లని అక్షరాలు తేలి వస్తవి. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలుపవలెనని 1878నాటి చట్టమే చెప్పుతున్నది. పురావస్తువులను దేశం దాటించకుండ 1972లో మరొక చట్టం వచ్చింది. అయితే చట్టం చెలక చెలకకూ కావలి కాయలేదు. ఆ ఊరిబడి కాయగలదు.

ఆ గురిగి ఇంకా ఆ బీరువాలోనే ఉన్నదని తలుస్తాను. ఈసారి పోయినప్పుడు దానికొక చీటీ అంటిస్తాను. చోటు గుర్తులేదనీ, ఆ లోపం నాదేననీ వ్రాస్తాను. చదివిన పిల్లవాడెవరైనా తనకు దొరికినదానికి ఆనాడే చీటీ వ్రాసుకొంటే అంతే చాలును.