పందెం లేని పరుగు: హైదరాబాదు సైకిలు సంఘాలు, పాలమూరు దారులు

తెలుగు నేలమీద సైకిలుకు సుదీర్ఘమైన చరిత్రే ఉన్నా, ఇష్టం కొద్దీ సైకిలు తొక్కేవారు ఒక సంఘంగా ఏర్పడి, నియమాలు పెట్టుకొని, వారాంతాల్లో కలిసి దూరాలు వెళ్ళే పద్ధతి ఈ శతాబ్దిలోనే స్థిరపడింది. జడ్చర్లకూ నాగర్‌కర్నూలుకూ నడుమనున్న తిమ్మాజిపేట వంటి పాలమూరు మండల కేంద్రాల్లో సైకిలంటే పాలక్యాన్లు, గడ్డిమోపులు, ఎరువుల బస్తాలు మోసే పనిముట్టు. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో కంపెనీల బండ్లు పల్లెలకు చేరిన తరువాత కూడా కొనలేనివారు చాలామంది ఉండేవారు కాబట్టి, గంటకింత చొప్పున సైకిలును అద్దెకిచ్చే కొట్లు వెలిశాయి. సీటు అందని పిల్లలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది ఆ బండ్లమీదే. పట్టణాల్లోనైతే సైకిలుకు పన్ను కట్టి, కట్టినట్టు గుర్తుగా బిళ్ల తగిలించుకోవలసి వచ్చేది. పొట్టకూటికి రోజూ తొక్కేవాడికి ఆదివారం కూడా తొక్కాలన్న సరదా పుట్టకపోవడంలో వింతేమీ లేదు.

అయినా ఓర్పును పరీక్షించే సైకిలు విద్య ఇక్కడ బొత్తిగా లేదనడానికి వీల్లేదు. ఊరి నడిబొడ్డున రోజుల తరబడి నేలమీద కాలు మోపకుండా సైకిలు తొక్కుతూ, దానిమీదే తిని, దానిమీదే స్నానం చేసి, చివరి రోజున ఊరివారిచ్చిన చదివింపులు పుచ్చుకొని మరో ఊరికి సాగిపోయే ప్రదర్శకులను పాత తరం వారు చూసే ఉంటారు. నేటి సైకిలు సంఘాల చరిత్ర రాసేవారు వారిని తలచుకోకపోవడం ఒక లోటే. ఇక క్రీడగా సైకిలు పందేలది వేరే దారి: జాతీయ సైక్లిస్టుల సమాఖ్య 1946లో ఏర్పడింది, అంచులు ఎత్తుగా, వాలుగా కట్టిన అండాకారపు పందెపు బాటను వెలోడ్రోమ్ అంటారు, అటువంటిది ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ ఉంది. అమెచ్యూర్ సంఘం, అనగా బహుమతి సొమ్ముతో నిమిత్తం లేని ఔత్సాహికుల కూటమి, ఈ దారిలోంచి పుట్టలేదు.

హైదరాబాదులో 2007లో మొదలైన హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ నగర పశ్చిమ భాగంలో ఐటీ ఉద్యోగాలు పెరుగుతున్న కాలానికి చెందినది. దినమంతా కుర్చీలో గడిపేవారికి వ్యాయామంగా, వారాంతపు విహారంగా సైకిలును మళ్ళీ పరిచయం చేసిన ఈ సంఘం సొంత బండి లేనివారికి అద్దె సైకిళ్ళు కూడా సమకూర్చింది. గంట అద్దె కొట్టు ఊళ్ళో మూతపడ్డ తరువాత అదే ఏర్పాటు, గేర్లూ శిరస్త్రాణమూ తగిలించుకొని, నగరంలో కొత్తగా తెరుచుకుందన్నమాట.

దూర ప్రయాణాలపై మక్కువ గలవారు తరువాతి కాలంలో హైదరాబాద్ రాండనర్స్ పేరిట కూడారు. రాండనర్ అంటే నిర్ణీత దూరాన్ని నిర్ణీత గడువులోగా, బయటి సాయం లేకుండా పూర్తి చేసే సైకిలిస్టు. ఈ సంప్రదాయానికి మూలం 1897లో ఇటలీలో ఉంది; ఆ ఏడాది జూన్‌లో పన్నెండుగురు రోము నుంచి నేపుల్స్‌కు సుమారు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో తొక్కేందుకు బయలుదేరారు. 1904లో ఈ పద్ధతిని ఫ్రాన్సులో ప్రవేశపెట్టినది, అంతకు ముందు ఏడాదే టూర్ డి ఫ్రాన్స్‌ను ఆరంభించిన పత్రికా సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. జట్టుగా ఒకే వేగంతో సాగడం తొలి నియమం కాగా, ఎవరి వేగంతో వారు వెళ్ళే పద్ధతి 1921లో ఏర్పడి, నేడు ప్రపంచమంతటా నడుస్తున్నది. ఈ ప్రయాణాలను బ్రెవెట్ అంటారు.

నియమాలు చూడటానికి తేలికగా ఉంటాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఈ నాలుగూ ఒకే సంవత్సర కాలంలో పూర్తి చేసినవారిని సూపర్ రాండనర్ అంటారు. మొదట వచ్చినవారికీ గడువు ముగియడానికి నిమిషం ముందు వచ్చినవారికీ దక్కే గుర్తింపు ఒకటే కాబట్టి ఇందులో గెలుపోటముల ప్రసక్తి లేదు. ప్రతివారి దగ్గరా పాసుబుక్కులా మడిచిన ఒక అట్ట ఉంటుంది. దారిలో ముందుగా నిర్ణయించిన మజిలీల వద్ద చేరిన సమయం రాయించుకొని ముద్ర వేయించుకోవాలి, మనిషి లేని చోట ఏటీఎం చీటీయో కొట్టు బిల్లో సాక్ష్యంగా చూపాలి. రాత్రివేళ ముందూ వెనుకా దీపాలు, వెలుగు పడితే మెరిసే చొక్కా తప్పనిసరి. పంక్చరు పడితే ట్యూబు విప్పి, గీకి, సొల్యూషన్ రాసి, అతుకు వేసుకోవలసింది తొక్కేవాడే. అన్నిటికన్నా పేరున్న బ్రెవెట్ పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో వృత్తి పందెంగా మొదలై, ఇప్పుడు నాలుగేళ్ళకొకసారి ఔత్సాహికులకే పరిమితమైన ఈ 1200 కిలోమీటర్ల ప్రయాణానికి గరిష్ఠ గడువు 90 గంటలు.

హైదరాబాదు నుంచి దక్షిణానికి సాగే దారులు ఇటువంటి ప్రయాణాలకు అనువైనవీ, కఠినమైనవీ. 44వ జాతీయ రహదారిపై జడ్చర్ల మీదుగా కర్నూలు సుమారు 210 కిలోమీటర్లు కాబట్టి, పోవడం ఒక చిన్న బ్రెవెట్, పోయిరావడం ఒక పెద్ద బ్రెవెట్ అవుతుంది. నగరం పీఠభూమి మీద 500 మీటర్లకు పైబడిన ఎత్తున, కర్నూలు 300 మీటర్లకు లోపు ఎత్తున ఉన్నందువల్ల వెళ్ళేటప్పటి పల్లం తిరుగు దారిలో ఎక్కుడుగా మారుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలోనైతే వెళ్ళేటప్పుడే ఎదురుగాలి వేగాన్ని తగ్గిస్తుంది. రహదారి విడిచి తిమ్మాజిపేట వైపు తిరిగితే లారీల రద్దీ తగ్గుతుంది గాని, దీపాలు లేని మలుపులు, రాత్రివేళ రోడ్డుపై పడుకొనే పశువులు, ఆరబోసిన ధాన్యపు రాశులు ఎదురవుతాయి.

శ్రీశైలం దారి లెక్క ఇంకొకటి. నాగర్‌కర్నూలు జిల్లాలోని మన్ననూరు దాటగానే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది, అక్కడి తనిఖీ కేంద్రం వద్ద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. గడువు అందుకోవడానికి తరచు రాత్రిళ్ళు కూడా తొక్కవలసి వచ్చే ఈ ప్రయాణాలకు ఇది గట్టి చిక్కు. ఈ దారిలో ప్రయాణం ఏర్పాటు చేసేవారు నగరంలో బయలుదేరే గంటను మన్ననూరు చేరే గంట నుంచి వెనక్కి లెక్కించి నిర్ణయించుకోవలసి ఉంటుంది.