పూత ఘనము, కాత స్వల్పము

పెన్న యొడ్డున నున్న రొద్దము పరిసరములలో మామిడితోటను గుత్తకు పట్టదలచిన అనుభవశాలి, చెట్టు నిండ పూత చూచి మురిసిపోడు. పిందె నిలిచిన పిమ్మటనే ధర పలుకును. ఆర్కిడ్ మొక్కల విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

మన పొడి అడవులలో చెట్ల కొమ్మల నంటి పెరుగు వాండా అట్టి మొక్కయే. పూరేకులపై గళ్ళుగళ్ళుగా గోధుమవన్నె గీతలు, నడుమ ఊదా ఛాయ గల పెదవి, చక్కని వాసన. విలియం రాక్స్‌బర్గు 1795లో తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని బొమ్మతో సహా వర్ణించెను. తెలుగువారు దీనిని బదనిక యందురు. మామిడి రసమును పీల్చి బ్రతుకు మొక్కకును అదే పేరగుటచే, పాపము, దీనికి లేని నింద వచ్చినది. వాండా చెట్టుపై కాపురముండును గాని చెట్టు రసము త్రాగదు. వ్రేలాడు వేళ్ళతో వాననీటిని, గాలిలోని తేమను గ్రహించును.

గుత్తిలో పూలు హెచ్చినకొలది అది దూరమునకు కనబడును. వచ్చు తేనెటీగలును హెచ్చును. కాని కాయలుగా మారు పూల పాలు ఆ లెక్కన హెచ్చదు. ఏల? ఆర్కిడ్లలో సుమారు మూడవవంతు జాతులు అతిథికి తేనెచుక్క యైన నీయవు. ఈగ రెండు మూడు పూలు తడవి, మోసము గ్రహించి, వేరొక మొక్కకు పోవును. 2005లో వెలువడిన ఒక సమీక్ష ననుసరించి, తేనె నిచ్చు జాతులలో నూటికి సుమారు 37 పూలు కాయలగుచుండగా, ఈయని జాతులలో 21 మాత్రమే యగుచున్నవి.

ఇది మొక్కకు కేవలము నష్టమని మేము తలంపము. ఈగ త్వరగా వెడలిపోవుటచే పుప్పొడి అదే మొక్క పూలలో తిరుగాడక పరాయి మొక్కకు చేరును. పైగా ఆర్కిడ్ పుప్పొడి విడివిడి రేణువులు గాక ముద్దగా నుండును. ఒక్క ముద్ద వేల గింజలకు చాలును. 1862లో డార్విను ఒక చిన్న ఆర్కిడ్ కాయలో 6,000కు పైగా గింజలను లెక్కవేసెను.

పూలన్నియు కాయలైనచో మొక్క భరింపలేదు. ఇందుకు వనిల్లా తోటలే సాక్షి. వనిల్లాయు ఆర్కిడ్డే. 1841లో రీయూనియన్ ద్వీపమున ఎడ్మండ్ ఆల్బియస్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు పుప్పొడిని చేతితో చేర్చు సులువు కనిపెట్టెను. నేటికిని రైతులు గుత్తికి కొన్ని పూలకే ఆ పని చేసి తక్కినవానిని విడిచిపెట్టుదురు. అన్నిటికిని చేసిన కాయలు సన్నగిలును, తీగ డస్సిపోవును.

మరి మిగిలిన పూలు వ్యర్థమా? కాదు. పుప్పొడి సోకిన పువ్వు త్వరలో వాడును. సోకనిది పలు జాతులలో అనేక దినములు విచ్చియుండి ఈగలను పిలుచును. తాను కాయ కాకున్నను, తన పుప్పొడి నంపి మరియొక చెట్టుపై నున్న కాయకు తండ్రి కావచ్చును.

వేరు మందునకని, పువ్వు అందమునకని అడవిలో వాండాను పెరుకువారు కలరు. దుమ్మువంటి దాని గింజలో ఆహారము నిలువ లేదు. తగిన శిలీంధ్రము తోడైన గాని మొలకెత్తదు. గుత్తిని కోసిన దినమున అందు కాయ కాదగిన ఒకటి రెండు పూలు ఏవియో కోసినవానికి తెలియదు.