ఆగిపోయిన ఆటపెట్టె మరల వచ్చునా?

సంక్రాంతికి ముందు ఇల్లు దులిపి, అటకమీది సామానులు క్రిందికి దింపుట మన తెలుగు గృహములలో పూర్వమునుండి వచ్చు పద్ధతి. ఇత్తడి గంగాళము, కాలు విరిగిన పీట, ఉయ్యాల గొలుసులు మున్నగువానితోబాటు ఈ కాలపు అటకలమీద మఱియొక వస్తువు కూడ కనబడుచున్నది. అదొక నల్లని పెట్టె. దానికి తీగలతో తగిలించిన రెండు చేతిపట్లు. ప్రక్కన గుండ్రని డిస్కులు. పదునైదు, ఇరువది యేండ్లక్రిందట పిల్లలు టీవీ చుట్టును మూగి ఆడుకొన్న వీడియోగేము పెట్టె యది. ఆ పిల్లలు పెద్దవారై హైదరాబాదునకో, బెంగుళూరునకో, గల్ఫు దేశములకో ఉద్యోగములకై తరలిపోయిరి. పెట్టెమాత్రము ఇంట మిగిలినది.

“దీనిని పాతసామానుల వానికి వేసివేయుదునా నాయనా?” అని తల్లి ఫోనులో నడుగును. “వద్దమ్మా, ఉంచు. అటువంటివి ఇప్పుడు చేయుట లేదు. మరల చేయుదురేమో చూతము” అని కొడుకు బదులు చెప్పును. మా రాజోలులోనే గాదు, అనేక గృహములలో ఈ సంభాషణ జరుగుచునే యున్నది. చేయుట మానిన ఆటపెట్టె మరల వచ్చునా? వచ్చినచో దానితో ఏమి వచ్చును, ఏమి రాదు? పైకి ఇది పిల్లల ముచ్చటవలె దోచును గాని, విచారించినకొలదియు మన సొత్తునకు సంబంధించిన ప్రశ్నయని తేలుచున్నది.

యంత్రవిషయములు తెలియని సోదరీమణులకొఱకు ముందుగా రెండుమాటలు చెప్పుదును. గ్రామఫోను పెట్టె లేనిదే ప్లేటు పాడనట్లు, ఆటపెట్టె లేనిదే ఆటడిస్కు ఆడదు. ఐనను ఒక భేదమున్నది. గ్రామఫోను ప్లేటును ఏ కంపెనీ పెట్టెమీద నుంచినను పాడును. ఆటడిస్కు అట్లుగాదు, ఏ పెట్టెకొఱకు దానిని చేసిరో ఆ పెట్టెలోనే అది పలుకును. లిపి తెలిసినవా రున్నంతవఱకే తాళపత్రము గ్రంథమనిపించుకొనును. వారు పోయిన పిమ్మట అది వట్టి ఆకులకట్ట. ఆటడిస్కు స్థితియు నట్టిదే.

ఇట్టి పెట్టెలలో మన దేశమున విరివిగా వ్యాపించినది జపాను దేశపు సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ 2. అది 2000 సంవత్సరము మార్చి 4వ తేదీన జపానులో వెలువడెను. సినిమా డిస్కులు కూడ దానిలో ఆడుటచేత పెద్దలును దానిని ఆదరించిరి. ప్రపంచమంతట 15 కోట్లకు పైగా పెట్టెలు అమ్ముడుపోయినవి. అంతటి గిరాకీ చూచిన ఆ పెట్టెయొక్క తయారీ నిలిచిపోయినట్లు 2013 జనవరిలో లోకమునకు దెలిసెను. జపానులో సంస్థవారు మరమ్మతులకు స్వీకరించుట సైతము 2018 ఆగస్టు 31తో ముగిసినది.

అమ్ముడుపోవు వస్తువును ఏల మానిరని మీరడుగవచ్చును. ఆటపెట్టెల వ్యాపారమున లాభము పెట్టెమీదకంటె ఆటలమీద నెక్కువ. క్రొత్త పెట్టె వచ్చినంతనే ఆటలు చేయువారు దానివైపు మరలుదురు. పాతదానికి క్రొత్త ఆటలు తగ్గును. అంగడివాడు దానికి చోటు తగ్గించును. లోపలి సూక్ష్మభాగములు చేయు కర్మాగారములు వేరుపనులలోనికి దిగును. దీపములో చమురు తగ్గినట్లు క్రమక్రమముగా ఆరిపోవుటయే గాని, ఒక్కనాడు జరుగు పని గాదది.

ఇక మన సొత్తు సంగతి. ఈ పెట్టెకొఱకు 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆట వెలువడినది. దానిని నిర్మించినవారు హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ సంస్థవారు; ప్రకటించినవారు సోనీవారు. ప్లేస్టేషన్ 2 కొఱకు పూర్తిగా భారతదేశములోనే తయారైన తొలి ఆట అదియే. ఆ యేటనే హైదరాబాదువారే యగు గేమ్‌శాస్త్ర సంస్థ ‘దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా’ యను మఱియొక ఆటను చేసెను. కబడ్డి, గాలిపటముల పందెము మొదలైన మన వీథి ఆటలను తెఱమీదికి దెచ్చుట దాని సంకల్పము. అప్పటికి హైదరాబాదు మన ఉమ్మడి రాష్ట్రమునకు రాజధాని. ఇతరదేశములవారు చేసిన ఆటలనే చిరకాలము ఆడిన మన పిల్లలకు, మన నగరమున చేసిన ఆటలు చేతికందిన కాలమది.

ఆంజనేయస్వామిని చేతిపట్టు మీటలతో ఆడించుట తగదని అప్పుడు కొందఱు ఆక్షేపించిరి. భక్తులకు అట్టి శంక కలుగుట సహజమే. ఐనను మన తోలుబొమ్మలాటలో ఎన్ని తరములనుండియో హనుమంతుడు ఆటగాని వ్రేళ్లకు గట్టిన పుల్లలమీదనే సముద్రము దాటుచున్నాడు. చూచువారి భక్తి దానివలన తఱిగినట్లు కనబడదు. ఆ రెండు ఆటలును మహాకావ్యములతో తులతూగునని నేను చెప్పబోను. తొలి పనికి తొలి పని యను గౌరవము చాలును. భారతమును తెనిగింప నారంభించిన నన్నయను మనము ఆదికవి యనుట యందులకే గదా!

చిక్కేమనగా, ఆ ఆటలు వెలువడిన నాలుగేండ్లకే పెట్టె ఆగిపోయినది. తరువాత వచ్చిన ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ 5 పెట్టెలలో ఆ డిస్కులను పెట్టినను ఆడవు. ఇండ్లలో మిగిలిన పాత పెట్టెలు ఒకటొకటిగా పాడైనకొలది, మనవారి తొలి ఆటలు తాళముచెవి పోయిన పెట్టెలోని నగలగును.

ఈ దుఃస్థితి మన పాత ఆటలకు రాలేదు. వామనగుంటల పీట పోయినచో నేలమీద రెండు వరుసలుగా గుంటలు తీసి చింతగింజలతో ఆడుదుము. అష్టాచెమ్మాకు సుద్దముక్కతో గీసిన గడులు, నాలుగు గవ్వలు చాలును. పులిజూదపు గీతలు గుడిమండపముల రాతినేలమీద నేటికిని కనబడుచున్నవి. ఆ ఆటను ఫలాని కంపెనీవారు ఆపివేసిరను మాట ఏ అమ్మమ్మయు వినియుండలేదు. నియమము ఆడువారి జ్ఞాపకమున నున్నంతకాలము ఆట బ్రదికియుండెను. వీడియోగేమునందు నియమము డిస్కులో, డిస్కునకు ప్రాణము పెట్టెలో, పెట్టె తయారీ కంపెనీవారి చేతిలో నున్నవి. అందుచేతనే పెట్టె మరల వచ్చునా యను ప్రశ్నకు ఇంత విలువ కలిగినది.

చేయుట మానిన పెట్టెలు మరల పుట్టుట లోకమున లేకపోలేదు. జపానులోని క్యోటో నగరమున 1889లో పేకముక్కలు చేయుటతో మొదలైన నింటెండో సంస్థ 1983లో ఫ్యామిలీ కంప్యూటర్ అను ఆటపెట్టెను వెలువరించెను. 1990 ప్రాంతముల మన యూళ్లలో క్యాసెట్టు పెట్టి ఆడిన పెట్టెలు చాలవఱకు దాని నకళ్లే. ఆ పెట్టె పాశ్చాత్యదేశములలో అమ్ముడైన రూపమును 2016 నవంబరులో అరచేతిలో నిముడునంత చిన్నదిగా జేసి, 30 ఆటలను లోపలనే నింపి మరల అమ్మిరి. జనము ఎగబడి కొనిరి. 2018 డిసెంబరులో సోనీవారును తమ మొదటి ప్లేస్టేషన్‌ను ఇట్లే 20 ఆటలతో పునరుద్ధరించిరి. చూచుటకు అచ్చముగా పాత పెట్టెయే గాని, అందు డిస్కు పెట్టుటకు చోటులేదు. కంపెనీవా రేరినవే ఆటలు. ఇట్టి పునర్జన్మ ప్లేస్టేషన్ 2కు గలిగినను, ఆ యేరిన ఆటలలో హైదరాబాదు ఆటలకు చోటు దొరకినగాని మన కేమి లాభము?

రెండవ మార్గము అటారీవారిది. 1977లో అమెరికాలో పుట్టి, 1992లో ఆగిపోయిన అటారీ 2600 పెట్టెను, ఆ పేరుతో నేడున్న సంస్థ 2023 నవంబరులో 2600 ప్లస్ అను రూపమున మరల తెచ్చెను. నాటి క్యాసెట్టులు దానిలో ఆడును. క్రొత్త టీవీలకును అది తగులును. ఇంటనున్న పాత సొత్తునకు ప్రాణము పోయు పునరుద్ధరణమన నిది. ప్లేస్టేషన్ 2 ఎన్నడైన తిరిగివచ్చినచో ఈ రీతిగా రావలెనని కోరుట న్యాయము.

మూడవ మార్గము ఔత్సాహికులది. పాత పెట్టె పనిచేయు తీరును కంప్యూటరుచేత అనుకరింపజేయు ప్రోగ్రామును ఎమ్యులేటర్ అందురు. ప్లేస్టేషన్ 2కు సంబంధించిన పీసీఎస్ఎక్స్2 అను ఎమ్యులేటరును 2002 మొదలు పలుదేశములవారు వ్రాయుచు ఉచితముగా నిచ్చుచున్నారు. కంపెనీ చేయుట మానినను జ్ఞానము పదిమంది చేతులలో నిలిచినది. మన వామనగుంటల ధర్మమునకు దగ్గఱగా నున్నది ఈ మార్గమే. అట్లని ఊరక దొరకు దొంగ ప్రతులను తెచ్చుకొనుట తగదు. న్యాయముగా కొన్న కంప్యూటరు ప్రోగ్రామునకు, పాడైపోకుండ భద్రతకై ప్రతి తీసికొనుటకు మన 1957 నాటి కాపీరైటు చట్టములోని 52వ విభాగము అవకాశ మిచ్చుచున్నది. కనుక చేతిలో అసలు డిస్కు ఉండుట ముఖ్యము.

ఇదంతయు మన పాట్లేగాని పరదేశములలో ఆటలన్నియు భద్రముగ నున్నవని తలపరాదు. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఆ దేశమున 2010కి ముందు వెలువడిన ఆటలలో నూటికి 87 విక్రయమునకు దొరకుట లేదు. మన దేశమున అచ్చైన పుస్తకమునకు 1954 నాటి చట్టమొకటి రక్షగా నున్నది. ప్రచురణకర్త కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమునకును, చెన్నపట్టణపు కన్నెమరా మొదలగు గ్రంథాలయములకును ప్రతులు పంపవలెను. ఆ చట్టము పుస్తకములకును పత్రికలకును మాత్రమే. హైదరాబాదులో చేసిన ఆటకు అట్టి నీడ లేదు. బ్రౌను దొర వెదకి ప్రోగుచేయించిన తాళపత్రములలో అనేకము తెలుగిండ్ల మూలలనుండియే వచ్చినవి. ఇండ్లలో ఉంచినవారుండుటచేతనే ఆయనకు దొరకినవి.

“చదువులు చెఱచిన పెట్టెను దాచి పూజింపవలెనా?” యని కొందఱు తల్లు లడుగవచ్చును. పిల్లలను గంటలకొలది ఆటలకు వదలుమని నేను చెప్పుట లేదు. భద్రపఱచుట వేఱు, మితిలేక వాడుట వేఱు. మఱియొక మాట. పాత వస్తువులతోబాటు దీనినిగూడ భోగిమంటలో పడవేయుట మాత్రము ఎంతమాత్రము కూడదు. ప్లాస్టిక్కు పొగ చంటిపిల్లలకు, ఉబ్బసమువారికి మిగుల హాని. ఉంచుకొన నిష్టము లేనివారు ఎలక్ట్రానిక్ వ్యర్థములను తీసికొనువారికే ఈయవలెను.

ఉంచదలచినవారికి కొన్ని సూచనలు. మా కోనసీమలో సముద్రపుగాలి తేమ, వానకాలపు బూజు ప్రబల శత్రువులు. 2022 జూలైలో గోదావరి వరద లంకగ్రామముల ముంచినప్పుడు క్రింద నుంచిన సామాను లెన్నియో పాడైనవి. పెంకుటింటి అటకమీద వేసవియెండ వేడి జాస్తి. కావున లోపలిగది బీరువాలో పై అర శ్రేష్ఠము. మందుసీసాలలో వచ్చు తేమపీల్చు చిన్న పొట్లములను ప్రక్కన నుంచవచ్చును. కలరాయుండలను మాత్రము చేర్చరాదు, అవి కొన్నిరకముల ప్లాస్టిక్కును చెఱచును. డిస్కును అంచులతోనే పట్టుకొని, మెత్తని నూలుగుడ్డతో మధ్యనుండి అంచువైపునకు తుడువవలెను. చుట్టుత్రిప్పి రుద్దిన గీతలు పడును. పెట్టె లోపల గడియారము నడుపుటకు చిన్న నాణెమువంటి బ్యాటరీ యుండును. అది కారి పాడుచేయకమునుపే తెలిసిన మెకానిక్కుచేత మార్పింపవలెను. మీ పిల్లల నాటి విజయములన్నియు మెమరీకార్డు అను చిన్న బిళ్లలో దాగియున్నవి. దానిని విడదీయక తోడనే ఉంచుడు. తీగలను గూడ అట్లే. పసుపు, ఎఱుపు, తెలుపు మొనలుగల ఆ తీగలకు క్రొత్త టీవీలలో చోటు లేకున్నచో మార్పు పరికరము అంగళ్లలో దొరకును. చివరకు ఒక కాగితముమీద పెట్టె ఎవరిది, ఏ యేట కొన్నది, ఏ ఆటలున్నవి వ్రాసి లోపల నుంచవలెను. వ్రాత లేని వస్తువు రెండుతరములకు అనాథ యగును.

మీ డిస్కులలో పైన చెప్పిన హైదరాబాదు ఆట యేదైన నున్నచో దానిని మఱింత జాగ్రత్తగా చూడుడు. పెట్టెను మరల చేయుట కంపెనీవారి లాభనష్టములనుబట్టి యుండును. అది మన చేతిలోని పని గాదు. వారు చేసిననాడు దానిలో పెట్టుటకు మన డిస్కు మిగిలియుండుట మాత్రము మన చేతిలోనిదే. ఆవకాయ జాడీకి తడి తగులకుండ ఏడాది పొడుగున కాచుకొను చేతులకు ఈ పాటి కాపుదల యొక లెక్కలోనిది గాదు.