పేరు చెప్పనిదే పాట ముగియదు

1902 నవంబరు. నాటి బ్రిటిష్ ఇండియా రాజధాని కలకత్తాలో ఒక హోటలు గది. అందులో మైనపు పలకను తిప్పే యంత్రం, దాని ముందు నోరు తెరుచుకున్న పెద్ద బాకా. లండన్ నుంచి వచ్చిన గ్రామఫోన్ కంపెనీ ప్రతినిధి ఫ్రెడ్ గైస్‌బర్గ్ సంజ్ఞ చేయగానే గౌహర్ జాన్ ఆ బాకాకు ముఖం చేరువ చేసి పాట అందుకున్నారు. కచేరీలో గంటసేపు విస్తరించవలసిన రాగాన్ని ఇంచుమించు మూడు నిమిషాలలో ముగించాలి. అంత ఇరుకైన వ్యవధిలోనూ ఆమె చివర కొన్ని క్షణాలు మిగుల్చుకున్నారు. పాట ఆగీ ఆగకముందే గొంతు హెచ్చించి, ఇంగ్లీషులో, “మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్” అని ప్రకటించారు.

అది ఆత్మస్తుతి కాదు, కార్ఖానా అవసరం. ఆ మైనపు పలకలు ఓడలో జర్మనీలోని హానోవర్ నగరానికి వెళ్ళాలి. రికార్డులు అచ్చయ్యేది అక్కడ. హిందుస్తానీ భాషగాని, పాడినవారెవరోగాని తెలియని పనివారు ఏ పలక ఎవరిదో పోల్చుకుని సరైన చీటీ అంటించడానికి ఆ మాట ఆధారం. ఈ పద్ధతి ఆమె ఒక్కరిదే కాదు. ఆ కాలపు రికార్డులు అనేకం పాడినవారి పేరుతోనే ముగిసేవి. 1908లో కలకత్తాలోని సియాల్దాలోనే రికార్డుల కర్మాగారం వెలిసింది; పేరు ప్రకటించే అలవాటు క్రమంగా అంతరించింది.

ఇందులో మరొక విశేషమున్నది. భారతదేశంలో గైస్‌బర్గ్ బృందం మొదట రికార్డు చేసినది గౌహర్ జాన్ గొంతు కాదు. అంతకు మూడు రోజుల ముందు, నవంబరు 8న, కలకత్తా నాటకశాలకు చెందిన శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు యువతులు పాడారు. వారి పేర్లు నేడు పాత రికార్డులు సేకరించేవారికి తప్ప పెద్దగా ఎవరికీ తెలియవు.

పాట విన్నవారు పేరు కూడా విని తీరాలా? నాటి శ్రోతకు ఇష్టం లేకపోతే లేచి ముల్లు ఎత్తవచ్చు. అయితే లేవడానికి బద్ధకించేవాడే ఎక్కువ. ఈనాటి వీడియో ఆటల లోకంలో ఇదే ప్రశ్న మళ్ళీ తలయెత్తింది. ఆట ముగియగానే తెరమీద దానిని నిర్మించినవారి పేర్లు కింది నుంచి పైకి పాకుతాయి. పెద్ద ఆటలలో ఆ పేర్లు వేలలో ఉంటాయి. కొన్నింటిలో ఆ జాబితా సాగడానికి అరగంట చాలదు. దానిని ఒక మీట నొక్కి దాటవేసే స్వేచ్ఛ ఆటగాడికి ఉండాలా, వద్దా?

వద్దనేవారి వాదం తెలిసిందే. నాలుగైదేళ్ళు పగలూ రాత్రీ శ్రమించినవారికి నాలుగు నిమిషాల గౌరవం ఇవ్వలేమా? ఇది వినసొంపైన మాటే. కాని అదే ఆటను రెండవసారి, మూడవసారి ముగించేవాడి సంగతేమిటి? జాబితా పూర్తయ్యేదాకా ఆట ఫలితాన్ని నమోదు చేయని ఆటలు కొన్ని ఉన్నాయి. అక్కడ ఆటగాడు పేర్లను చదవడు. ఆ యంత్రాన్ని అలాగే వదలి వంటింట్లోకి పోయి టీ కాచుకుంటాడు. ఖాళీ కుర్చీకి జరిగే సన్మానం ఎవరికి?

వీడియో ఆటలలో ఈ పేర్ల పట్టిక ఎవరో దయతలచి ఇచ్చినది కాదన్న సంగతి మాత్రం మరువరాదు. 1970ల చివర అమెరికాలోని అటారీ కంపెనీలో ఒక్కొక్క ఆటను సాధారణంగా ఒక్కడే ఊహించి, గీసి, ప్రోగ్రాము రాసేవాడు. అయినా పెట్టెమీద అతడి పేరుండేది కాదు. ఈ అసంతృప్తితో, ఆదాయంలో తగిన వాటా లేదన్న బాధతో, డేవిడ్ క్రేన్ మొదలైన నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి 1979లో ఆక్టివిజన్ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. ఆ సంస్థ ఆటలతోపాటు ఆటల రచయితల పేర్లను కూడా ప్రచారం చేసింది.

వారెన్ రాబినెట్ అనే మరొక ఉద్యోగి వేరొక దారి తొక్కాడు. ‘అడ్వెంచర్’ అనే తన ఆటలో ఎవరికీ చెప్పకుండా ఒక రహస్యపు గది కట్టాడు. నేల రంగులో కలిసిపోయిన ఒక చిన్న చుక్కను వెదికి పట్టుకుని, తగిన చోటికి మోసుకుపోతేగాని ఆ గదిలోకి దారి దొరకదు. లోపల ఉన్నదల్లా ఒక్కటే: ఈ ఆటను సృష్టించినవాడు వారెన్ రాబినెట్ అన్న అక్షరాలు. సాల్ట్ లేక్ సిటీకి చెందిన పదిహేనేళ్ళ బాలుడొకడు దానిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేనాటికి రాబినెట్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. అప్పటికే అచ్చయిన ఆటను మార్చడం ఖర్చుతో కూడిన పని కావడంతో ఆ పేరు అక్కడే మిగిలిపోయింది. పేరును దాటవేయడం మాట అటుంచి, అక్కడ పేరు చూడడానికే గోడలు వెదకవలసి వచ్చింది!

మళ్ళీ కలకత్తాకు వద్దాం. పాడేవారు, తెరమీద కనిపించేవారు వేరయిన ఘట్టం కూడా ఆ నగరంలోనే జరిగింది. 1935లో న్యూ థియేటర్స్ సంస్థ నితిన్ బోస్ దర్శకత్వంలో బెంగాలీలో ‘భాగ్యచక్ర’, హిందీలో ‘ధూప్ ఛావ్’ నిర్మించింది. నటులే పాడుకునే రోజులవి. ఆ చిత్రంలో మొదటిసారిగా పాటను ముందే రికార్డు చేసి, తెరమీద మరొకరి చేత పెదవులు కదిలించారు. అంతవరకు పాడే మనిషిని ప్రేక్షకుడు చూస్తూనే ఉన్నాడు, పరిచయం అక్కరలేదు. ఆనాటి నుంచి గొంతు తెర వెనక్కి వెళ్ళింది. ఇక ఆ గొంతు ఎవరిదో చెప్పగలిగేది పేర్ల పలక ఒక్కటే.

ఆ పలకా, రికార్డు చీటీ నిజం చెప్పకపోతే ఏమవుతుందో 1949లో బొంబాయిలో తీసిన ‘మహల్’ చిత్రం చూపింది. ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డు మీద గాయని పేరుగా ముద్రించినది ‘కామిని’ అని. అది మధుబాల ధరించిన పాత్ర పేరు! పాట రేడియోలో వచ్చిన తరువాత, ఈ కామిని ఎవరంటూ శ్రోతలు ఉత్తరాలు కురిపించారు. అప్పుడుగాని లతా మంగేష్కర్ పేరు ప్రకటితం కాలేదు. నేపథ్య గానానికి ఫిలింఫేర్ బహుమతి ఏర్పడడానికి మరో పదేళ్ళు పట్టింది.

తెలుగువారికీ కలకత్తాతో ఇటువంటి రుణం ఒకటున్నది. తొలి తెలుగు టాకీలలో చెప్పుకోదగిన సి. పుల్లయ్యగారి ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) కలకత్తాలో, ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారి స్టూడియోలో తయారైనవి. రాముడుగా పారుపల్లి సుబ్బారావును, సీతగా శ్రీరంజనిని పాతతరం వారు జీవితాంతం తలచుకున్నారు. శబ్దం పట్టినవారెవరో, దీపాలు మోసినవారెవరో నేడు చెప్పగలవారు అరుదు.

పేర్లు చదివించడమెలాగో బలవంతం లేకుండా తెలిసిన మనిషి కూడా కలకత్తా వాడే. సత్యజిత్ రాయ్ సినిమాలకు రాకముందు 1943 నుంచి డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. పుస్తకాలకు ముఖచిత్రాలు గీసినవాడు. అక్షరం అందం తెలిసినవాడు. ‘పథేర్ పాంచాలి’ (1955) పేర్లను చేతిరాతతో చూపించాడు. ‘మహానగర్’ (1963)లో పేర్లు పడుతున్నంతసేపూ తెరమీద ఉండేది ట్రాము కడ్డీ మాత్రమే. అది పైనున్న విద్యుత్తు తీగ వెంట జారుతూ, కూడళ్ళ దగ్గర తీగ మారుతూ, మధ్యమధ్య నిప్పురవ్వలు చిమ్ముతూ పోతుంది. కథ మొదలు కాలేదు, పాత్ర ఒక్కటీ రాలేదు. అయినా ఉద్యోగాలకు పరుగులు తీసే ఆ నగరంలోకి ప్రేక్షకుడు చేరిపోయాడు.

‘చారులత’ (1964) సంగతి ఇంకా చెప్పదగినది. పేర్లు వస్తుండగా ఒక స్త్రీ చేతులు చేతిరుమాలు మీద ఒక ఇంగ్లీషు అక్షరాన్ని కుడుతుంటాయి. ఆ అక్షరం ‘బి’. భర్త భూపతి పేరులోని మొదటి అక్షరం. ఆమెకు తీరుబడి ఎంత ఉన్నదో, భర్తపై మమత ఎటువంటిదో, ఆ పెద్ద ఇంట్లో ఎంత ఒంటరిదో పేర్లు పూర్తయ్యేలోపలే తెలిసిపోతుంది. ఇంటర్వెల్లు బఠాణీల కోసమే సినిమాకు వచ్చేవారు తప్ప మరెవరూ ఆ రెండు నిమిషాలను వదులుకోరు. పేర్లయ్యాక హాల్లోకి వచ్చినవాడు కథలో కొంత పోగొట్టుకున్నట్టే.

వీడియో ఆటలలోనూ ఈ కిటుకు పట్టినవారున్నారు. నింటెండో వారి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ’ (2001)లో చివరి పేర్ల పట్టికే ఒక ఆట. ఎగిరివచ్చే పేర్లను గురిచూసి కొట్టాలి. జపానుకే చెందిన ‘నియర్: ఆటోమాటా’ (2017) మరొక అడుగు ముందుకు వేసింది. దాని చివరి ముగింపులో పేర్లే గుళ్ళు కురిపిస్తూ మీద పడతాయి. ఒంటరిగా ఎదిరించడం బహు కష్టం. ఓడిపోయిన కొద్దీ, అంతకుముందు ఆ ఘట్టం దాటిన ఇతర దేశాల ఆటగాళ్ళ ప్రోత్సాహ వాక్యాలు తెరమీదికి వస్తాయి. చివరకు వారే తోడు నిలుస్తారు. ఆ పేర్లను కళ్ళప్పగించి చూడని ఆటగాడు ఉండడు.

అందరికీ అంతటి ప్రతిభ ఉండదు కనుక సాధారణ న్యాయం ఇలా ఉండవచ్చును: మీట ఉండనీయండి, కాని పట్టికను ఆట మొదటి పుటలోనే ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరిచి చూసుకునే వీలు కల్పించండి. వెదికేవాడికి దొరకని పేరు కంటే, తొందరలో ఉన్నవాడు దాటిపోయిన పేరు ఎన్నో రెట్లు మేలు.

అసలు గాయం మీట వల్ల అయ్యేది కాదు. ఆటకోసం మూడేళ్ళు పనిచేసి, విడుదలకు కొద్ది నెలల ముందు ఉద్యోగం మారినవారి పేర్లను జాబితాలో చేర్చకపోవడం ఈ పరిశ్రమలో చిరకాలపు ఫిర్యాదు. విదేశీ ఆటలకు బొమ్మలు, కట్టడాలు, వాహనాలు గీసి పంపే మన దేశపు కుర్రవాళ్ళ విషయంలో ఒక్కొక్కసారి సంస్థ పేరు మాత్రమే పడుతుంది. కొత్త ఉద్యోగానికి వెళ్ళినప్పుడు వారికి చేతిలో రుజువుండదు. ఆటల నిర్మాతల అంతర్జాతీయ సంఘం ఎవరి పేరు ఎలా వేయాలన్న దానిపై సూచనలు ప్రకటించింది. అవి సూచనలే; పాటించడం కంపెనీల ఇష్టం. దాటవేయదగిన జాబితాలో పేరుండడం వారికి ఫిర్యాదు కాదు, ఎదురుచూపు.

గౌహర్ జాన్ 1928లో మైసూరు సంస్థాన విద్వాంసురాలిగా చేరి, 1930 జనవరిలో అక్కడే కన్నుమూశారు. కలకత్తాలోని ఆమె వైభవం అప్పటికే కరిగిపోయింది. ఆమె రికార్డులు నేడు అంతర్జాలంలో ఉచితంగా వినవచ్చు. గరగరల మధ్య నుంచి మూడు నిమిషాల పాట సాగుతుంది. హానోవర్ పనివారి కోసం పలికిన ఆ చివరి మాటతో నేడు ఎవరికీ పనిలేదు. అయినా పాట పూర్తికాగానే ఆపు మీట నొక్కబోయిన శ్రోత చేయి ఆ ఇంగ్లీషు వాక్యం కోసం ఒక్క క్షణం ఆగుతుంది.