బ్యాటరీని తిట్టే ముందు బెల్టు చూడండి

నారాయణఖేడ్ ప్రాంతంలో సోయా కోత, పత్తి తోలకం, ఆ వెనకే కంది నూర్పిడి. ఇలాంటి రోజుల్లో ట్రాక్టరు ఒక్కపూట ఆగినా నష్టమే. పొద్దున సెల్ఫు కొడితే ఇంజను ‘టక్ టక్’ మని ఊరుకుంటుంది. “మొన్ననే గదా కొత్త బ్యాటరీ ఏసినం!” అని తల పట్టుకుంటారు. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, దాన్ని చార్జి చేసే ఆల్టర్నేటరుది. మనవాళ్లు దీన్నే డైనమో అంటారు. సొంత ట్రాక్టరైనా, నలుగురు కలిసి కొన్న పాత బండైనా సంగతి ఇంతే.

ఎలా పనిచేస్తుంది?

ఇంజను తిరిగితే బెల్టు ఆల్టర్నేటరును తిప్పుతుంది. లోపల పుట్టిన కరెంటును డయోడ్లు బ్యాటరీకి పనికొచ్చేలా మారుస్తాయి. వోల్టేజి హద్దు దాటకుండా రెగ్యులేటరు చూస్తుంది.

ఎందుకు చెడిపోతుంది?

* బెల్టు వదులైతే జారి, చార్జింగు తగ్గుతుంది. మరీ బిగిస్తే బేరింగు అరిగి గరగరమంటుంది. ఇంజను ఆపి, రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కండి. సుమారు 10-12 మిల్లీమీటర్లు దిగాలి. మీ ట్రాక్టరు పుస్తకంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

* నూర్పిడి దుమ్ము, పొట్టు గాలి రంధ్రాలను మూసేస్తే లోపల వేడెక్కుతుంది. కార్బన్ బ్రష్‌లు కూడా తొందరగా అరుగుతాయి. బండి కడిగేటప్పుడు ఆల్టర్నేటరు మీద నీళ్లు కొట్టవద్దు. దాని మీద డీజిలు, ఆయిలు కారకుండా చూసుకోవాలి.

* టెర్మినళ్లకు చిలుము పట్టినా, ఎర్తు వైరు వదులైనా చార్జింగు సరిగా అందదు.

* పాడైన బ్యాటరీని అలాగే నడిపినా, డెక్కు, అదనపు ఫోకస్ లైట్లు తగిలించినా ఆల్టర్నేటరు మీద భారం పడుతుంది.

చేతులారా చేసే తప్పులు

చార్జింగు వస్తుందో లేదో చూడటానికి కొందరు ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకేస్తారు. ఇది ఎన్నడూ చేయకండి. ఒక్కసారిగా వోల్టేజి పెరిగి డయోడ్లు, రెగ్యులేటరు కాలిపోవచ్చు. బ్యాటరీ వైర్లు తారుమారుగా తగిలించినా ఇదే ప్రమాదం. ట్రాక్టరుకు వెల్డింగు పెట్టించే ముందు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయాలి.

మీరే చూసుకోవచ్చు

తాళం తిప్పగానే చార్జింగు ఎర్ర లైటు వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే మొదట బెల్టు చూడండి. మల్టీమీటరు దొరికితే మరీ మంచిది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను ఓ మోస్తరు వేగంతో నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.4 దాకా రావాలి. 13 దాటకపోతే చార్జింగు అందనట్టే. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించాలి. తిరుగుతున్న బెల్టు దగ్గరికి తువ్వాలు, లుంగీ కొస పోనీయకండి.

ఎలక్ట్రీషియన్ మొత్తం ఆల్టర్నేటరే మార్చాలంటే, ఏ భాగం పోయిందో చూపించమనండి. చాలా రకాల్లో బ్రష్‌లు, బేరింగు, రెగ్యులేటరు విడిగా మార్చవచ్చు. వారానికోసారి పది నిమిషాలు బెల్టు, టెర్మినళ్లు చూసుకుంటే గోటితో పోయేది గొడ్డలి దాకా రాదు.