గణిత, విజ్ఞాన బోధన - యువత ఎంపిక

పాఠ్యభాగ ఉద్దేశం

కళాశాల విద్యార్థులలో కొందరు గణిత, విజ్ఞానశాస్త్రాల బోధనను వృత్తిగా ఎందుకు స్వీకరిస్తున్నారో వివరించడం, ఆ ఎంపిక వెనుక ఉన్న వ్యక్తిగత, సామాజిక కారణాలను పరిశీలింపజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠం

హైదరాబాదు పాతనగరంలో మాదన్నపేట పేరు చరిత్రను తలపింపజేస్తుంది. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రిగా వెలిగిన మాదన్న పేరు నేటికీ ఆ పేటలో నిలిచి ఉన్నది. తెల్లవారకముందే అక్కడి కూరగాయల మండి మేల్కొంటుంది. గంపలు దిగుతాయి. కాటాల మీద సరుకు తూగుతుంది. బేరాలు తెలుగులోను, ఉర్దూలోను సాగుతాయి. సాయంకాలానికి ఆ సందడి తగ్గి, చుట్టుపక్కల వీధులలోని ఇళ్లలో మరొక సందడి మొదలవుతుంది. డిగ్రీ చదువుతున్న అక్క చుట్టూ, ఇంజనీరింగు చదువుతున్న అన్న చుట్టూ ఇరుగుపొరుగు పిల్లలు పుస్తకాలతో చేరుతారు. దానినే మనం ట్యూషన్ అంటున్నాం.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకొందాం. బి.యస్సీ. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక యువతి, ఎనిమిదవ తరగతి బాలునికి శాతాలు నేర్పుతున్నది. ఆ బాలుని తండ్రి మండిలో సరుకు కొని తోపుడుబండి మీద అమ్ముతాడు. ఆమె ఆ ఇంటి వ్యాపారం నుండే లెక్క కట్టింది.

"20 కిలోల టమాటాలు 400 రూపాయలకు కొన్నారు. అంటే కిలో 20 రూపాయలు. వాటిలో 2 కిలోలు కుళ్లిపోయినవి. నష్టం రాకుండా మిగిలినవి కిలో ఎంతకు అమ్మాలి?"

"పదోవంతు పాడైంది గదా అక్కా! ధర కూడా పదోవంతు పెంచితే సరి. కిలో 22 రూపాయలు."

"సరే, 18 కిలోలు 22 రూపాయల చొప్పున అమ్మి చూడు."

బాలుడు గుణించాడు. 396 వచ్చింది. మరల గుణించాడు. మరల 396 వచ్చింది. "నాలుగు రూపాయలు ఎటు పోయినయ్ అక్కా?" అన్నాడు.

ఆమె జవాబు చెప్పలేదు, వేచి ఉన్నది. కొంతసేపటికి బాలుని ముఖం విప్పారింది. పోయినది ఇరవై కిలోలలో పదవ వంతు. కాని ఆ నష్టాన్ని భరించవలసినది మిగిలిన పద్దెనిమిది కిలోలే. 40 రూపాయలను 18 కిలోలకు పంచాలి. అంటే ధర పెరగవలసినది పదవ వంతు కాదు, తొమ్మిదవ వంతు. కిలో సుమారు 22 రూపాయల 22 పైసలు. శాతం అనగానే 'దేనిలో శాతం?' అని అడగాలన్న సూక్ష్మం ఆ బాలునికి ఇక జీవితాంతం గుర్తుంటుంది.

ఆ క్షణంలో బాలుడు మాత్రమే మారలేదు. నేర్పిన యువతి కూడ మారింది. 'ఈ పనిని నేను జీవితమంతా చేయగలనా?' అన్న ప్రశ్న ఆమెలో తొలిసారిగా మొలకెత్తుతుంది. గణిత, విజ్ఞాన బోధనవైపు కళాశాల విద్యార్థులు ఎందుకు మొగ్గుతారన్న విషయాన్ని ఇక్కడి నుండి ఆలోచించవచ్చు.

బోధనావృత్తిని ఎన్నుకోవడానికి గల కారణాలను విద్యావేత్తలు సాధారణంగా మూడు తెగలుగా విభజిస్తారు. మొదటివి బాహ్య కారణాలు: జీతం, ఉద్యోగ భద్రత, సెలవులు, పనివేళలు మొదలైనవి. రెండవవి అంతర్గత కారణాలు: విషయంపై మక్కువ, బోధించడంలోని ఆనందం. మూడవవి పరహిత కారణాలు: పిల్లలకు, సమాజానికి మేలు చేయాలన్న కోరిక. నిజజీవితంలో ఈ మూడూ విడివిడిగా ఉండవు. ఒకే మనిషిలో పాయలుగా కలిసి ప్రవహిస్తాయి.

బాహ్య కారణాలను చిన్నచూపు చూడరాదు. నెలజీతం ఎరుగని కుటుంబం నుండి వచ్చిన విద్యార్థికి ప్రభుత్వ ఉపాధ్యాయ ఉద్యోగం ఇంటిల్లిపాదికి ఆధారం. ఇంటికి దగ్గరలో బడి, నియతమైన పనివేళలు ఉండడం చేత ఆడపిల్లలను ఉద్యోగానికి పంపడానికి సందేహించే కుటుంబాలు సైతం ఈ వృత్తికి సమ్మతిస్తాయి. అయితే ఈ బాట అంత సుగమమైనది కాదు. బి.యస్సీ. ముగించి, ఎడ్‌సెట్ వ్రాసి, బి.ఇడి. చదవాలి. ఒక సంవత్సరపు చదువుగా ఉండిన బి.ఇడి. 2015 నుండి రెండు సంవత్సరాలైనది. 2011లో మన రాష్ట్రంలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష ప్రవేశించింది. అందులో నెగ్గిన పిమ్మట డి.ఎస్.సి. పరీక్ష కొరకు వేచి ఉండాలి. తెలంగాణలో 2017 నాటి ప్రకటన తరువాత, జిల్లా పాఠశాలలలో పెద్ద ఎత్తున నియామకాలు జరిగినది 2024లోనే. అప్పుడు ప్రకటించిన ఖాళీలు 11,062. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 ఖాళీలకు ప్రకటన వెలువడింది. ప్రకటనకు, ప్రకటనకు నడుమ గడచిన సంవత్సరాలలో ఎందరో యువకులు స్వల్ప జీతానికి ప్రైవేటు బడులలో పాఠాలు చెప్పుకొంటూ నిరీక్షించారు. కేవలం జీతమే ఆకర్షణ అయితే వారిలో అనేకులు ఏనాడో వేరు దారి చూచుకొనేవారు. కావున వారిని నిలిపిన శక్తి మరొకటి ఉండాలి.

ఆ శక్తిలో ఒక పాలు విషయాభిమానం. గణితం, భౌతికశాస్త్రం చదివినవారికి ఉద్యోగాలు అనేకం. కాని పెక్కు ఉద్యోగాలలో శాస్త్రం ఒక పనిముట్టు మాత్రమే. ఉపాధ్యాయునికి అది నివాసస్థానం. రెండు రుణసంఖ్యల లబ్ధం ధనసంఖ్య అవుతుందని మనందరికీ తెలుసు. ఎందుకవుతుందని ఏడవ తరగతి బాలిక అడిగితే మనలో ఎందరు వెంటనే చెప్పగలం? ఆకాశం నీలంగా ఎందుకున్నది? మంచు నీటిపై ఎందుకు తేలుతుంది? బోధించేవారు ఈ ప్రశ్నలను ఏటేటా క్రొత్తగా ఎదుర్కొంటారు. తాము చదివినప్పుడు అర్థమైనదనుకొన్న విషయం, చెప్పబోయినప్పుడు అర్థం కాలేదని తెలుసుకొంటారు. ఆ తెలివిడి తొలుత కలవరపెడుతుంది, తరువాత ఆనందమిస్తుంది. శాస్త్రాన్ని ప్రేమించే విద్యార్థి ఈ ఆనందాన్ని ఒకసారి రుచి చూచినచో సులభంగా విడువలేడు.

మరొక పాలు గురువుల ప్రభావం. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుండి ఐదవ తరగతి వరకు ఏటా 800 గంటలు, ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు ఏటా 1,000 గంటలు బోధన జరగాలి. అనగా ఎనిమిదేళ్లలో కనీసం 7,000 గంటలపాటు ప్రతి బాలుడు, బాలిక ఉపాధ్యాయుల మాటను, నడతను గమనిస్తారు. ఏ వైద్యుని పనిని గాని, ఏ ఇంజనీరు పనిని గాని మనం ఇంత దీర్ఘకాలం దగ్గరగా చూడలేదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో ప్రకటించిన గ్రంథంలో ఈ అంశాన్ని విశ్లేషించాడు. ఉపాధ్యాయులు కాబోయేవారు శిక్షణ కళాశాలకు రాకముందే, బల్లమీద కూర్చొని చూస్తూ చూస్తూనే ఒక విధమైన శిష్యరికం పూర్తిచేసి ఉంటారని ఆయన భావం.

మాదన్నపేటకు ఎంతో దూరం కాని కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధన ప్రయోగశాలలు ఉన్నాయి. 1982లో అచ్చటి క్షిపణి ప్రయోగశాలకు సంచాలకుడై వచ్చిన అబ్దుల్ కలాం, తన శాస్త్రాభిలాషకు బీజం వేసినది రామేశ్వరంలో తనకు పాఠం చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ అని పలుమార్లు చెప్పుకొన్నారు. పక్షి ఎలా ఎగురుతుందో నల్లబల్లపై బొమ్మవేసి చెప్పినా పిల్లలకు అర్థం కాకపోతే, ఆ ఉపాధ్యాయుడు వారిని సముద్రతీరానికి తీసుకొని వెళ్లి ఎగిరే పక్షులను చూపించారట. క్షిపణి శాస్త్రజ్ఞుడైన కలాం, రాష్ట్రపతి పదవి ముగిసిన పిదప మరల విద్యార్థుల నడుమకే వెళ్లారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ప్రసంగిస్తూనే కన్నుమూశారు.

మంచి గురువు లభించినవారే ఉపాధ్యాయులవుతారని అనుకోరాదు. లభించనివారు కూడా అవుతారు. గణితానికి ఉపాధ్యాయుడు లేక, లెక్కల గంటను మరొక పాఠంతో గడిపిన పిల్లలు పెద్దవారై, 'నాకు జరిగినది నా తమ్ముళ్లకు జరుగరాదు' అని ఈ వృత్తిలోకి రావడం కలదు. విద్యాహక్కు చట్టం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు గణిత, విజ్ఞానశాస్త్రాలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలని ప్రత్యేకంగా విధించింది. చట్టం స్థానాన్ని నిర్ణయించగలదు గాని, ఆ స్థానంలో నిలబడి చెప్పగల మనిషిని సృష్టించలేదు. ఆ మనిషి కళాశాల తరగతి గదుల నుండే రావాలి.

ఇక్కడ ఒక అడ్డంకి ఉన్నది. మన సమాజంలో 'బతకలేక బడిపంతులు' అన్న సామెత ఇంకా చెలామణిలో ఉన్నది. గణితంలో నూటికి నూరు తెచ్చుకొన్న బిడ్డ ఉపాధ్యాయుడనవుతానంటే తల్లిదండ్రులు నొచ్చుకొంటారు. అన్ని మార్కులు తెచ్చుకొన్నది పంతులు కావడానికా అని బంధువులు నిలదీస్తారు. బాగా తెలిసినవారు బోధనకు అవసరం లేదన్న భ్రమ ఈ మాటలకు మూలం. నిజానికి, బోధనకు విషయజ్ఞానం చాలదు. విషయజ్ఞానం లేనిదే బోధనా లేదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకం ప్రథమాంకంలో ఇద్దరు నాట్యాచార్యుల నడుమ వివాదం వస్తుంది. ఒకరికి విద్య తమలో బాగుగా ఉంటుందని, మరొకరికి దానిని ఇతరులకు అందించే నేర్పు ఉంటుందని, రెండూ గలవాడే బోధకులలో అగ్రగణ్యుడని అందులో పరివ్రాజిక తీర్పు చెబుతుంది. శతాబ్దాల తరువాత, 1986లో, అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ కూడా ఇటువంటి అభిప్రాయాన్నే శాస్త్రీయంగా ప్రతిపాదించాడు. విషయం తెలియడం వేరు, బోధనాపద్ధతి తెలియడం వేరు. ఈ విషయాన్ని ఈ పిల్లలకు ఎలా అందించాలో తెలియడం మూడవదని, ఉపాధ్యాయుని ప్రత్యేక జ్ఞానం అదేనని ఆయన వివరించాడు. నాలుగు రూపాయల లెక్కను బండివ్యాపారి కొడుకుకు టమాటాలతో చెప్పిన యువతి వద్ద ఉన్నది ఈ మూడవ జ్ఞానమే.

మన సాహిత్యంలోనే దీనికి ఒక ఉజ్జ్వల ఉదాహరణ కలదు. మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన తనకు తెలిసిన గణితాన్ని తన వద్దనే దాచుకొనలేదు. సంస్కృతం రాని తెలుగువారికి చేరువ చేశాడు. తెలుగులో శాస్త్రగ్రంథ రచనకు తొలి బాటలు వేసినవారిలో ఆయన ఒకడు కావడం, ఆ శాస్త్రం గణితం కావడం మనకు గర్వకారణం.

విద్యార్థులు ఈ వృత్తివైపు రావడానికి సంస్థలు కూడ తోడ్పడగలవు. దక్షిణాది రాష్ట్రాల కొరకు 1963లో మైసూరులో స్థాపితమైన ప్రాంతీయ విద్యాసంస్థలో శాస్త్రాన్ని, బోధనను కలిపి నేర్పే నాలుగేళ్ల కోర్సు ఉన్నది. ఇంటర్మీడియట్ ముగిసిన వెంటనే ఇందులో ప్రవేశించవచ్చు. జాతీయ విద్యావిధానం 2020 ఇటువంటి నాలుగేళ్ల సమీకృత విద్యకే ప్రాధాన్యమిచ్చింది. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో టెక్సాస్ విశ్వవిద్యాలయం 1997లో యూటీచ్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. గణిత, విజ్ఞాన విద్యార్థులను తొలి దశలోనే సమీప పాఠశాలలకు పంపి, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పిల్లలకు పాఠం చెప్పించడం దీని విశిష్టత. ముందు రుచి చూపి, తరువాత నిర్ణయించుకొమ్మనడం ఇందలి కిటుకు. మాదన్నపేట వీధులలో ఏ పథకమూ లేకుండానే ప్రతి సాయంత్రం జరుగుతున్నది ఇదే. లోపించినదల్లా, ఆ యువతీయువకులను చూచి 'నీవు మంచి ఉపాధ్యాయురాలవు కాగలవు' అని చెప్పే పెద్దదిక్కు.

ఈ మాటకు ఎంత విలువ ఉన్నదో ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది. 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి పెద్ద దూరదర్శినిని తెప్పించి, మాదన్నపేటకు సమీపంలోని ఫిసల్‌బండలో ఖగోళ వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరింది. ప్రపంచ దేశాలు కలిసి తలపెట్టిన నక్షత్ర పట్టిక నిర్మాణంలో ఆ నిజామియా వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కించి అందించింది. ఒకప్పుడు ఈ పాతనగరపు అంచున నిలిచి కొందరు ఆకాశాన్ని కొలవడానికి పూనుకొన్నారు. నేడు అదే నేల మీద పెరిగే బాలునికి ఆ సంగతి తెలియాలన్నా, తానూ అటువంటి పని చేయగలనని తోచాలన్నా, తరగతిలో ఒక మనిషి నిలబడి చెప్పాలి. దూరదర్శినిని కొనవచ్చు, ప్రయోగశాలను కట్టవచ్చు. వాటి దగ్గరకు పిల్లవానిని నడిపించే చేయి ఉపాధ్యాయునిదే.

విద్యార్థులారా! మీలో ఎం.పి.సి., బై.పి.సి. చదివేవారు త్వరలోనే మీ మార్గాన్ని నిర్ణయించుకొంటారు. అందరూ ఉపాధ్యాయులు కావాలని ఈ పాఠం చెప్పడం లేదు. నిర్ణయానికి ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ వీధిలో ఒక బాలునికో బాలికకో ఒక నెలపాటు లెక్కలు చెప్పండి. జవాబు మీరు చెప్పక, వారికి తోచేదాకా వేచి ఉండండి. 'నాలుగు రూపాయలు ఎటు పోయినవి?' అని వారు అడిగిన నాడు మీ మనసుకు ఏమనిపించినదో గమనించండి. ఆ సంతోషం మీకు తక్కిన సంతోషాలకంటె పెద్దదిగా తోచినచో, ఆ ఎంపికకు ఎవరి ఎదుటా సిగ్గుపడనక్కరలేదు.

కఠిన పదాలు - అర్థాలు

సుగమం = సులభంగా పోదగినది
నియతమైన = క్రమబద్ధమైన
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలితం
అగ్రగణ్యుడు = మొదట లెక్కింపదగినవాడు, శ్రేష్ఠుడు
పరివ్రాజిక = సన్యాసిని
సమీకృతం = ఒకటిగా కూర్చబడినది
వేధశాల = గ్రహ నక్షత్రాలను పరిశీలించే చోటు

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. గణిత, విజ్ఞాన బోధనను యువత ఎన్నుకోవడానికి గల కారణాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. టమాటాల లెక్కలో బాలుడు గ్రహించిన సూక్ష్మం ఏమిటి?
2. మాళవికాగ్నిమిత్రంలోని తీర్పుకు, షుల్మన్ ప్రతిపాదనకు గల పోలికను తెలపండి.
3. 'బతకలేక బడిపంతులు' అన్న సామెతపై మీ అభిప్రాయం వ్రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన కవి ఎవరు?
2. ఫిసల్‌బండలో వేధశాలను స్థాపించినది ఎవరు?